గొర్రెల కాపరి నా నోరు చూసిన రోజు

మా మార్కాపురం వైపు మనిషి పన్ను నొప్పి పుట్టిన రోజే డాక్టర్ దగ్గరికి రాడు. ముందు లవంగం పెట్టుకుంటాడు. తగ్గకపోతే నశ్యం కూరుకుంటాడు. అదీ పని చేయకపోతే, వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోట్లోకి పట్టించి పంటి పురుగులు రాలుస్తానని చెప్పే ఆసామి దగ్గరికి పోతాడు. చెంప బూరెలా పొంగాక ఇంటావిడ తిట్టి లాక్కొస్తే, అప్పుడు మన కుర్చీ ఎక్కుతాడు. ఎక్కి మొట్టమొదట చెప్పే మాట ఇది: "పన్ను మాత్రం పీకొద్దు సారూ. పైపన్ను పీకితే చూపు పోద్దంట."

కొత్తగా పళ్ల డాక్టర్లవుతున్న మీకు కాలేజీలో ఈ పాఠం ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను. మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా పళ్లు చూసి పోయినేడు రిటైరయ్యాను. నా బదిలీలు, ప్రమోషన్లు ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవి నా తప్పులు. వాటిలో పెద్ద తప్పును పట్టుకున్నది నా పై అధికారి కాదు, పుల్లలచెరువు పక్కన గొర్రెలు కాసుకునే కాశయ్య.

అసలు కథకు ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది పొదిలి దగ్గర పల్లె. మా నాయన పొగాకు రైతు. పొగాకు పండించి, బ్యారన్ కొట్టంలో ఆకును వేడికి ఆరబెట్టి, నన్ను పళ్ల డాక్టరు చదివించాడు. రోగమూ మందూ ఒకే ఇంట్లో తయారయ్యాయన్న మాట. ఈ మాట మా నాయనతో అంటే, "పండించినోణ్ణి నేను, తాగినోణ్ణి కాదు గదరా" అనేవాడు. నిజమే. ఆయన జన్మలో పొగ తాగలేదు. ఆ లోటు నేను తీర్చాను.

సిగరెట్టు వేరంట, చుట్ట వేరంట

మార్కాపురంలో నేను చేరినప్పుడు సూపరింటెండెంటు గారు ముక్కుతో వైద్యం చేసే మనిషి. పేషెంటు గుమ్మంలో ఉండగానే "బీడీ," "చుట్ట," "రెండూ" అని చెప్పేసేవారు. నోరు తెరిపించాక చూస్తే అంతా ఆయన చెప్పినట్టే ఉండేది. నాకు ఆయన ఇచ్చిన గది చిన్నది. అందులో ఉన్న కుర్చీ పైకి లేచేది గానీ కిందికి దిగేది కాదు. పొద్దున మొదటి పేషెంటుకు వంగి చూసేవాణ్ణి, మధ్యాహ్నం ఆఖరి పేషెంటుకు స్టూలెక్కి చూసేవాణ్ణి. సాయంత్రం అటెండరు వచ్చి దాన్ని రెంచితో కిందికి దించేవాడు.

కాశయ్య ఆ కుర్చీ ఎక్కింది ఒక దవడ పన్ను కోసం. అప్పటికే ఆ పన్ను పీకడం తప్ప చేసేదేం లేదు. పుస్తకంలో ఉన్నట్టే అడిగాను.

"సిగరెట్ తాగుతావా పెద్దాయనా?"

"ఛీ, ఛీ. ఆ దరిద్రం మా ఇంటా వంటా లేదు సారూ."

చీటీలో అలవాట్లు లేవని రాశాను. పన్ను పీకాను. గుంతలో రక్తం గడ్డ కట్టింది. ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, చల్లగా జావ తాగు అని చెప్పి పంపాను. మూడో రోజు పొద్దున్నే తలకూ గడ్డానికీ కలిపి తువ్వాలు బిగించుకుని వచ్చాడు. మూలుగు గేటు దగ్గర్నుంచే వినిపించింది. నోరు తెరిస్తే గుంతలో గడ్డ లేదు. ఎముక తెల్లగా బయటపడి ఉంది. పన్ను పీకిన చోట పొగ తగిలినా, గట్టిగా పీల్చినా ఆ గడ్డ ఊడిపోతుంది. ఆ తర్వాత వచ్చే నొప్పి ముందు మొదటి నొప్పి ఏపాటిది కాదు.

"పొగ తాగినావా?" అన్నాను.

"తాగినా."

"తాగనని చెప్పినావు గదా?"

"సిగరెట్ తాగనని చెప్పినా. నేను తాగింది చుట్ట. చుట్ట తాగొద్దని నువ్వు చెప్పినావా? చెప్పుంటే తాగకపోదును గదా!" అని నా మీదే ఎగిరాడు.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న సూపరింటెండెంటు గారు నవ్వలేదు. "తప్పు ఆయనది కాదయ్యా, నీ ప్రశ్నది," అన్నారు. "తాగుతావా అని ఎవరినీ అడగొద్దు. రోజుకు ఎన్ని అని అడుగు. తాగనివాడు తాగనంటాడు. తాగేవాడు సగం తగ్గించి చెప్తాడు. దాన్ని నువ్వు రెట్టింపు చేసుకో."

నాకు తెలిసిన వైద్యంలో సగం ఆ మూడు ముక్కల్లోనే ఉంది. మిగతా సగం కాశయ్య నేర్పించాడు.

రక్తం రాని చిగుళ్లు

గుంత కడిగి, లవంగ నూనెలో ముంచిన, కట్లు కట్టే గాజుగుడ్డ ముక్క పెట్టి నొప్పి తగ్గించాక కాశయ్యకు నా మీద గురి కుదిరింది. మీ నాయన ఎవరు, మీ ఊరు ఏది అని అడిగాడు. పొదిలి దగ్గర అనగానే ఆ ఊళ్లో తన మేనమామ కూతుర్ని ఇచ్చిన వాళ్ల ఇంటి పేరు చెప్పి, చేతివేళ్ల మీద ఏవో వరసలు కలిపి, "అయితే నువ్వు నాకు అల్లుడివైతావు" అని తేల్చాడు. ఆ రోజు నుంచి నేను అల్లుణ్ణి, ఆయన కాశయ్య మామ. గొర్రెల సంతకు మార్కాపురం వచ్చినప్పుడల్లా నా గదికి వచ్చి పోయేవాడు.

ఆయన పనీ నా పనీ ఒకటేనని నాకు ఆయనే చెప్పాడు. గొర్రె వయసు దాని పళ్లలో ఉంటుంది. పాలపళ్లు రాలి ముందు రెండు పెద్ద పళ్లు వస్తే రెండు పళ్లది, తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ వచ్చాయంటే నోరు నిండినట్టు. అమ్మేవాడు ఏం చెప్పినా సరే, కొనేవాడు పెదవి విప్పి చూస్తాడు. కాశయ్య అక్కడితో ఆగడు. బొటనవేలు బుగ్గ లోపలికి పోనిచ్చి నాలుగు పక్కలా తడుముతాడు.

"ముల్లు ఇరిగి లోపల ఉండిపోద్ది అల్లుడా. పుండైతాది. మేత మానేస్తాది. దానికి నోరుంది గానీ చెప్పుకునే నోరు లేదు గదా. మనమే చూడాల."

మా కాలేజీలో నాకు పరీక్ష పెట్టిన ప్రొఫెసరు కూడా బుగ్గ లోపల అంత శ్రద్ధగా తడిమి చూడగా నేను చూడలేదు.

తన చిగుళ్ల మీద మాత్రం కాశయ్యకు గర్వం జాస్తి. "మా కోడలు పండ్లు తోముకుంటే రక్తం కారతాది. నేను తాగే చుట్టలకు నా చిగుళ్లు రాయైనాయి. సుక్క రాదు" అనేవాడు. మీ దగ్గరికీ ఇలాంటి రాతి చిగుళ్లవాళ్లు వస్తారు. నమ్మకండి. పొగాకు చిగుళ్లలోని సన్న రక్తనాళాలను బిగించేస్తుంది. లోపల ఎముక కరిగిపోతున్నా పైకి రక్తం రాదు. ఇల్లు కాలుతుంటే కుక్క మొరగకపోవడం లాంటిది అది. కుక్క మంచిదని మురిసిపోకూడదు. ఈ ముక్క నేను కాశయ్యకు చెప్పి రెండేళ్లు తిరిగేసరికి ఆ రాతిలోంచి మూడు పళ్లు వాటంతటవే ఊడి ఆయన చేతిలోకి వచ్చాయి. నొప్పి లేకుండా వచ్చాయని ఆయన దానికీ సంతోషించాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను కాలేజీ రోజుల నుంచి సిగరెట్లు తాగేవాణ్ణి. ఆసుపత్రి జనరేటరు షెడ్డు వెనక రోజుకు మూడు. సూపరింటెండెంటు గారి లెక్కన ఆరు. తాగాక రెండు లవంగాలు నమిలి, చేతులు సబ్బుతో కడుక్కుని, పొగ మానండి అని అందరికీ శ్రీరంగ నీతులు చెప్పేవాణ్ణి. ఎవరికీ తెలియదనుకున్నాను. నేను షెడ్డు వైపు కదలగానే మా నర్సు రూతమ్మ, "సారు కరెంటు చూసొస్తారు, కూర్చోండి" అని పేషెంట్లకు చెప్పేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

పలక మీద సుద్దగీత

గిద్దలూరులో కొన్నేళ్లు చేసి మళ్లీ మార్కాపురం వచ్చాక, ఒక సంత రోజున కాశయ్య నోరు చూస్తున్నాను. ఎడమ బుగ్గ లోపల, చుట్ట ఆనే చోట, తెల్ల మచ్చ కనిపించింది. మార్కాపురం పలక మీద సుద్దముక్క అడ్డంగా రుద్దినట్టు ఉంది. గాజుగుడ్డతో తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. 

ఇలాంటి మచ్చల్లో చాలావాటితో ప్రమాదం ఉండదు. కొన్ని క్యాన్సర్ దారి పడతాయి. ఏది ఏదో కంటితో చూసి చెప్పలేం. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాల్సిందే. ఒంగోలు పోదాం మామా అన్నాను. కాశయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కత్తి తగిలితే పాకుద్ది. మా బామ్మర్దికి దవడ మీద కోసినారు. ఆర్నెల్లు తిరగలేదు, పోయినాడు."

"కోసినందుకు పోలేదు మామా. ఆలస్యంగా వచ్చినందుకు పోయినాడు."

"నువ్వు చూసినావా?"

చూడలేదు. చూడని సంగతి మీద కాశయ్యతో వాదించి గెలిచినవాడు లేడు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు నిజంగా భయమేసింది. తొలి దశలో పట్టుకుంటే బతికే మనిషి, మొండితనంతో నా కళ్ల ముందే పోతాడేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆయన మనవడు శ్రీకాంత్‌కు ఫోన్ చేసి విషయమంతా చెప్పాను. "నేను చూసుకుంటా సార్. తాత చేత చుట్ట మాన్పిస్తా" అన్నాడు. చదువుకున్న పిల్లాడు కదా, నేను నమ్మాను.

కాలం కాని కాలంలో మామిడిపండు

నెల తిరిగాక ఒక పొద్దున ఓపీ గదిలో గుప్పున మామిడిపండు వాసన వచ్చింది. అది కార్తీక మాసం. రూతమ్మ పరికరాలు ఉడకబెట్టే పాత్ర మూత తీసి వాసన చూసింది. అంతలో వరసలోంచి తెల్లటి ఆవిరి లేచింది. ఆవిరి విడిపోయాక అందులోంచి కాశయ్య బయటపడ్డాడు. మెడలో ఎర్రదారం, దారానికి వేలాడుతూ నీలం రంగు గొట్టం ఒకటి ఉంది.

"చుట్ట మానేసినా అల్లుడా!" అన్నాడు. "మనవడు పంపించినాడు. ఇది పొగ గాదంట, ఆవిరంట. జలుబుకు మనం పట్టుకోమా, అట్లనే."

"ఎట్ల ఉంది?"

"బాగనే ఉంది గానీ గొర్రెలతో చావొచ్చింది. చుట్ట ఎలిగిస్తే దూరం పొయ్యేటియి. ఇది పీలిస్తే మీదికెక్కుతాండయి. నిన్న పొట్టేలు దారం తెంపి నోట్లో ఏసుకుంది. దాని పండ్ల సందులోంచి ఊడబీకి తీసుకోవాల్సి వచ్చింది."

శ్రీకాంత్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. ఈ-సిగరెట్లను మన దేశంలో అమ్మకూడదని చట్టమే ఉంది, నీకెక్కడ దొరికిందిరా అంటే, హైదరాబాదులో దొరకనిదేముంది సార్ అన్నాడు. నాకు తెలిసినంత ఇద్దరికీ చెప్పాను. ఆవిరి అన్నంత మాత్రాన అది జావ మీద ఆవిరి కాదు. అందులోనూ నికోటిన్ ఉంటుంది, కాబట్టి చిగుళ్లను అలాగే బిగిస్తుంది, రక్తం రానివ్వకుండా అలాగే మోసం చేస్తుంది. పైగా నోరు ఎండబెడుతుంది. ఉమ్మి తగ్గిన నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. చుట్టలో ఉన్నన్ని విషాలు ఇందులో లేకపోవచ్చు. ఉన్నవి చాలు. ఇరవై ఏళ్లు పీలిస్తే ఏమవుతుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. అది వచ్చి ఇరవై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు మరి.

 అవతల శ్రీకాంత్ గొంతు తగ్గించి, "సార్, పొద్దున లేచేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోతా ఉంటది. చిగుళ్లు కూడా వాస్తున్నాయి. దానివల్లేనా?" అన్నాడు.

"నువ్వు గూడానా రా!" అని కాశయ్య ఫోన్ మీద అరిచాడు.

కాశయ్య బుగ్గలో మచ్చ చూశాను. ఉన్న చోటే ఉంది. ఇంకొంచెం వెడల్పయింది. ఒంగోలు మాట మళ్లీ ఎత్తాను. అప్పుడు కాశయ్య నా దగ్గరగా వచ్చి, ముక్కు నా భుజం దాకా తెచ్చి, సూపరింటెండెంటు గారిలా గాలి పీల్చాడు.

"మమ్మల్ని మానమంటావు. నువ్వు మానినావా?"

"నేనా?"

"లవంగం ఎనక దాక్కున్న సిగరెట్ వాసన నాకు తెలవదా అల్లుడా? నా నోరు నువ్వు ఇన్నేండ్ల సంది చూస్తాండావు. ఈ పొద్దు నీ నోరు నేను చూస్తా. అప్పుడు ఒంగోలు సంగతి మాట్లాడదాం. కూర్చో."

రూతమ్మ వద్దనలేదు సరికదా, ఆయన చేత సబ్బుతో చేతులు కడిగించి గ్లౌజులు ఇచ్చింది. అవి తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. గడ్డం కింద తువ్వాలు కట్టుకుని నా కుర్చీలో నేను కూర్చున్నాను. వరసలో ఉన్నవాళ్లంతా గుమ్మంలో మూగారు. కాశయ్య నా కింది పెదవి విప్పి చూసి, జనం వైపు తిరిగి సంతలో చెప్పినట్టు చెప్పాడు.

"నోరు నిండినాది. రెండు దవడ పండ్లు కదుల్తాండయి. పండ్ల ఎనక మసి. ఇట్లాంటి పొట్టేలును ఊరికే ఇచ్చినా తోలుకపోను."

అందరూ నవ్వారు. నేనూ, నోరు తెరిచి ఉన్నంతలో, నవ్వాను. ఆయన బొటనవేలు బుగ్గలోకి పోయింది. కుడి పక్క తడిమాడు. ఎడమ పక్క తడిమాడు. మళ్లీ కుడి పక్కకు వచ్చి ఆగిపోయాడు. నవ్వు మానేశాడు. ట్రేలోంచి గాజుగుడ్డ తీసి, నేను ఆయనకు చేసినట్టే తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"అల్లుడా," అన్నాడు. "ఇది పోవడంల్యా."

అద్దం తెప్పించుకుని కిటికీ దగ్గర చూసుకున్నాను. కుడి దవడ చివర, చిగురుకూ బుగ్గకూ మధ్య, చింతగింజంత తెల్ల మచ్చ. అంచున ఎర్రగా ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో నాకు తెలియదు. వేల నోళ్లు చూసినవాణ్ణి, నా నోరు పళ్లు తోముకోవడానికి తప్ప తెరిచి చూసుకోలేదు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. నా విషయంలో తెలుపు.

మంద ముందు నడిచే పొట్టేలు

మర్నాడే ఒంగోలు బస్సెక్కాం. పొదిలి దాటుతుంటే రోడ్డు పక్కన పొగాకు చేలు, దూరంగా బ్యారన్లు కనబడ్డాయి. కాశయ్య వాటిని చూసి, "మీ నాయన బంగారం పండించినాడనుకున్నాడు పాపం" అన్నాడు.  అప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు.

ఆసుపత్రిలో ముక్క కోసే డాక్టరు నాకన్నా పదేళ్లు చిన్నవాడు. ముందు పెద్దాయన రండి అన్నాడు. కాశయ్య గోడకు ఆనుకుని కదల్లేదు.

"ముందు అల్లుడికి కొయ్యండి. ఏరు దాటించాల్నంటే ముందు పొట్టేల్ని దింపాల. అది దిగితే మందంతా దిగుద్ది. గొర్రెను ముందు తోస్తే ఏ మందా దాటదు."

నేను దిగాను. సూది గుచ్చడం తెలిసింది గానీ కోయడం తెలియలేదు. ఇన్నేళ్లూ "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది" అని అందరికీ చెప్పిన మాట అబద్ధమని కూడా అప్పుడే తెలిసింది. అది తేలు కుట్టినట్టు ఉంటుంది. ఆ మాట ఇక ముందు ఎవరికీ చెప్పకండి. నేను బయటికి వచ్చి నిలబడ్డాక కాశయ్య నా నోట్లో రక్తం చూశాడు, నా కాళ్లు చూశాడు, నేను పడిపోలేదని నమ్మకం కుదిరాక లోపలికి పోయాడు.

పరీక్ష కాగితాలు రెండూ ఒకే రోజు మార్కాపురం వచ్చాయి. కాశయ్యను పిలిపించి ముందు ఆయనది చదివాను. చర్మం మందం అయింది, చెడు లక్షణం లేదు, పొగ మానేసి చూపించుకుంటూ ఉండాలి. ఆయన దణ్ణం పెట్టి, మొలలోంచి చుట్ట తీశాడు.

"చూసినావా? ఏం లేదని నేను మొదట్నే చెప్పలా? ఈ ఒక్కటీ తాగి మానేస్తా. నీది చదువు."

నాది చదివాను. క్యాన్సర్ కాదు. కానీ కణాలు ఆ దారి పట్టాయి. మచ్చ మొత్తం కోసి తీసేయాలి. రోజుకు పది చుట్టలు తాగిన మనిషికి ఏమీ లేదు, లవంగం నమిలే డాక్టరుకు ఉంది. అందులో న్యాయం వెతక్కండి. ఎవరికి వస్తుందో ముందుగా తెలిస్తే ఇంత వైద్యం ఎందుకు? ఆయనకు ఇదంతా చెప్పాను. కాశయ్య చుట్టను రెండు ముక్కలు చేసి చెత్తడబ్బాలో వేశాడు. అగ్గిపెట్టె కూడా వేశాడు. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నన్ను ఓదార్చాల్సిన మనిషిని నేను ఓదార్చాల్సి వచ్చింది.

గుంటూరులో కోసి తీశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయన్నారు. అక్కడి డాక్టరు, ఇంకో ఏడాది ఆగుంటే మీతో ఇలా మాట్లాడేవాణ్ణి కాదు అన్నాడు. నేను సిగరెట్టు మానేశాను. శ్రీకాంత్ ఆ గొట్టం మానడానికి నాకన్నా ఎక్కువ అవస్థ పడ్డాడు. మూడుసార్లు మాని మూడుసార్లు పట్టుకుని, నాలుగోసారి వదిలేశాడు. నాలుగోసారి అన్నందుకు వాణ్ణి చులకన చేయొద్దు. మీ పేషెంట్లూ అలాగే మానతారు.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. రోజుకు ఎన్ని అని అడగండి. రక్తం రాని చిగుళ్లను అనుమానించండి. రెండు వారాల్లో మానని పుండునూ, తుడిస్తే పోని మచ్చనూ ఇంటికి పంపకండి. వారానికి ఒకసారి మీ నోరు మీరు వెలుతురులో చూసుకోండి.

పోయిన నెల సంత రోజున పాత గదికి వెళ్లాను. నా చోటికి వచ్చిన డాక్టరమ్మ చిన్న పిల్ల. కుర్చీ ఇప్పుడు కొత్తది, పైకీ కిందికీ రెండు వైపులా పోతుంది. నెలకోసారి నా నోరు చూస్తానని చెప్పినట్టే కాశయ్య మామ వచ్చాడు. చేతులు కడుక్కుని, ఇప్పుడు సులువుగానే గ్లౌజులు తొడుక్కుని, నా బుగ్గలు రెండు పక్కలా తడిమి, గాజుగుడ్డతో తుడిచి చూశాడు. "మేత మేస్తాండావు, ఫర్వాలా. మళ్లీ నెల రా" అని వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ ఆయన వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "ఆయన మీ పాత పేషెంటా సార్?" అంది.

"కాదమ్మా," అన్నాను. "మా డాక్టరు."

కాశయ్య మామ కాదనలేదు.